చచ్చినాయన వాయించిన చెల్లో

స్వరకర్త గోర్‌స్కీ తన పడక్కుర్చీలోనే చనిపోయి ఉన్నాడు. ఒంటి మీద గాయం లేదు. గుండె ఆగింది. డాక్టరు లెక్క ప్రకారం నిన్న సాయంత్రం ఆరున్నరకి.

బల్ల మీద ఉండాల్సిన కాగితాలు మాత్రం లేవు. మూడేళ్ళు కూర్చుని పెద్ద వయొలిన్ లాంటి ఒంటి చెల్లో కోసం రాసిన గంటసేపటి రచన. ఆయన ఆఖరి రచన. లెనిన్‌గ్రాద్ అంతా దానికోసమే ఎదురుచూస్తోంది.

"ఏడింటిదాకా చెల్లో మోగుతూనే ఉంది, కెప్టెన్!" అంది ఉమ్మడి వంటింట్లోంచి పొరుగావిడ క్లావ్‌దియా. "నా చెవులకేం రోగం? చచ్చినాయనే వాయించాడు. పొద్దుట్నుంచీ నాకు టీ కూడా దిగట్లేదు."

దర్యాప్తుకొచ్చిన కెప్టెన్ జురిన్‌కి దయ్యాల మీద నమ్మకం లేదు. అయినా ఓసారి చెల్లో వైపు చూశాడు.

గోర్‌స్కీ భార్య తైసియా చావింటి ఆచారం ప్రకారం అద్దానికి నల్లగుడ్డ కప్పుతోంది.

"కాగితాలు పోతే పోనీ, కెప్టెన్. నేను చెల్లెలింట్లో ఉండిపోయిన రోజే ఇలా జరగాలా? ఆయన ఒంటరిగా పోయాడా? పక్కన ఎవరైనా ఉండి ఊరుకున్నారా? అదొక్కటి చెప్పండి, చాలు."

జురిన్ చెల్లో పక్కనున్న కమాను తీశాడు. దానికి కట్టిన గుర్రపు వెంట్రుకలు బాగా వదులుగా ఉన్నాయి.

"వాయించాక ఆయన దీన్ని వదులు చేసేవారా?"

"ఏనాడూ లేదు! స్వరం సరిచూసుకుని అలాగే పడేసేవాడు. కమాను పాడైపోతుందని శిష్యుడు గ్లెబ్ రోజూ పోట్లాడేవాడు."

శవాన్ని తీసుకెళ్ళాక గ్లెబ్‌ని పిలిపించారు. పేరున్న చెల్లో కళాకారుడు. రాత్రంతా నిద్ర లేని మొహం, భుజాన సంచి.

"నిన్న ఇక్కడికొచ్చారా?"

"లేదు."

"ఎక్కడున్నారు?"

"ఇంట్లో."

"ఆ కొత్త రచన?"

"కంటితో కూడా చూడలేదు, కెప్టెన్ గారూ."

"సరే. ఈ చెల్లో ఎలా పలుకుతుందో కాస్త వినిపించండి."

గ్లెబ్ కమాను మర బిగించి నాలుగు స్వరాలు వాయించాడు. ఆపాడు. వాతావరణం గురించి ఏదో అంటూనే వేళ్ళతో మర వెనక్కి తిప్పేశాడు. వెంట్రుకలు వదులయ్యాయి.

"నిన్న కూడా ఇలాగే తిప్పారు," అన్నాడు జురిన్. "పక్కన గురువు చచ్చిపడి ఉన్నా మీ చేతికి అలవాటు పోలేదు."

గ్లెబ్ కమాను కింద పెట్టేశాడు.

"వాయించి వినిపించమని పిలిచి, ఏం జరిగినా ఆపొద్దన్నారు గురువుగారు," అన్నాడు. "మధ్యలో ఆయన ఊపిరి మారడం విన్నాను. ఆంబులెన్సు పిలవాలి. తెలుసు. కానీ చివరిదాకా ఆపాలనిపించలేదు. అంత గొప్పగా ఉంది. తర్వాత భయమేసి కాగితాలు పట్టుకుపోయాను. అప్పట్నుంచీ సంచి భుజం మీంచి దించలేదు. కళ్ళు మూస్తే ఆ ఊపిరే."

తైసియా వచ్చి భర్త కుర్చీలో కూర్చుంది. ఏడవలేదు.

"వాయించు. ఆయన ఊపిరి ఎక్కడ ఆగిందో అక్కడ ఆపు."

"నా వల్ల కాదు, తైసియా పెత్రోవ్నా..."

"వాయించరా."

గ్లెబ్ సంచిలోంచి కాగితాలు తీసి స్టాండు మీద పెట్టాడు. వాయించాడు. క్లావ్‌దియా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. జురిన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

కమాను ఠక్కున ఆగింది.

తైసియా కళ్ళు తెరిచి స్టాండు వైపు చూసింది. ఇంకా సగం కాగితాలు మిగిలే ఉన్నాయి.