క్రిటికల్ స్పీడ్

ఆ నిపుణుడు పార్కులో వాకింగ్ ముగించి బెంచీ మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ చప్పుడుకి అతని కాళ్ళ దగ్గర గింజలేరుకుంటున్న పావురాలు కూడా ఎగరలేదు.

"పవర్ ప్లాంట్‌లో కొత్త టర్బైన్ రోటర్‌ని బాలెన్స్ చేసింది ఇతనే" అన్నాడు చీఫ్, ఫోటో టేబుల్ మీదుగా తోస్తూ. "మన దేశంలోనే డిజైన్ చేసిన మొదటి టర్బైన్. ఎల్లుండి టెస్ట్ రన్. గ్యాలరీలో మంత్రి, మన మెషీన్ కొనడానికి వచ్చిన పన్నెండు దేశాల ప్రతినిధులు. విదేశీ ముఠా వైర్‌లెస్ మెసేజ్ ఒకటి దొరికింది. 'బొంగరం పడుతుంది.' అంతే."

ఎదురుగా కూర్చున్నవాణ్ణి డిపార్ట్‌మెంట్‌లో అందరూ డేగ అంటారు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి తుపాకీ పట్టినవాడు.

"ముఠాలో మన మనిషి ఉంది. కోడ్ నేమ్ వెల్వెట్. వైబ్రేషన్ కన్సల్టెంట్‌గా ప్లాంట్‌లో చేరింది. ఆవిణ్ణి కలుసుకో." చీఫ్ ఆగాడు. "అక్కడి చీఫ్ ఇంజనీరు మీ అక్క భర్త. నీకేమైనా ఇబ్బందా?"

"డ్యూటీకి చుట్టరికం లేదు సర్" అన్నాడు డేగ. ఆ మాట అన్నందుకు తనను తానే మెచ్చుకున్నాడు కూడా.

మర్నాడు పొద్దున ఇన్సూరెన్స్ ఇన్‌స్పెక్టర్ వేషంలో టర్బైన్ హాల్లోకి అడుగుపెట్టాడు. గుబురు మీసం, మందపాటి కళ్ళద్దాలు. చేతికి పేలుడు పదార్థాన్ని పసిగట్టే వాచీ. బావ హెల్మెట్ సర్దుకుంటూ ఎదురొచ్చి, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసి, "మీసం ఎడమవైపు ఊడుతోందిరా" అన్నాడు మెల్లగా. "సాయంత్రం ఇంటికి రా. నీతో ఒక మాట చెప్పాలి."

"చూస్తాను బావా. మీరు నన్ను గుర్తుపట్టనట్టే ఉండండి."

వెల్వెట్ కింది అంతస్తులో, ఆవిరిని నీరుగా మార్చే కండెన్సర్ పక్కన నిలబడి ఉంది. బూడిదరంగు సూటు, చేతిలో వైబ్రేషన్ మీటరు. యంత్రాల మధ్య ఆమె నడుస్తుంటే ఫిట్టర్లు స్పానర్లు జారవిడుస్తున్నారు.

"ఇక్కడ చలిగా ఉంది" అన్నాడు డేగ.

"ఆవిరి వస్తే వెచ్చబడుతుంది." కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "ద్రోహి ఎవరో తెలిసింది. మీరు తట్టుకోగలరా?"

"చెప్పండి."

"చీఫ్ ఇంజనీరు. టెస్ట్‌ని ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేయించాడు. నిపుణుడు చనిపోయిన రోజు ఒంటరిగా రోటర్ దగ్గర తచ్చాడాడు. అతని ఇల్లు వెతకండి."

డేగ వెతికాడు. బావ ప్లాంట్‌లో ఉండగా ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని అక్క ఇంట్లో బీరువాలు తెరిపించాడు, పరుపులు తిరగేయించాడు. అక్క గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయింది.

"అడిగితే నేనే తీసిచ్చేదాన్ని కదరా" అంది ఒకే ఒక్కసారి.

అతను తల తిప్పుకున్నాడు. బావ సొరుగులో చేతిరుమాల్లో చుట్టిన ఉక్కు ముక్క దొరికింది. రోటర్ అంచున బిగించే బాలెన్స్ వెయిట్. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఆ సాయంత్రం బావ ఫోన్ చేశాడు. డేగ ఎత్తలేదు.

టెస్ట్ రోజు కంట్రోల్ రూమ్ కిక్కిరిసి ఉంది. బావ మైకు పట్టుకుని, "ఇవాళ కూడా తిప్పొద్దు. రోటర్‌ని మళ్ళీ విప్పి చూడాలి" అంటున్నాడు. డేగ మీసం పీకేసి ముందుకొచ్చి ఉక్కు ముక్కని టేబుల్ మీద పెట్టాడు.

"ఇది నీ సొరుగులోకి ఎలా వచ్చింది?"

ఎప్పుడూ మీరు అనే బావని అతను నువ్వు అన్నాడు. బావ అది గమనించాడు.

"టర్బైన్ కింద దొరికింది. ఎవరో రోటర్ నుంచి తీసేశారు. బాలెన్స్ చేసినవాణ్ణి చంపేశాక ఇక్కడ ఎవర్ని నమ్మాలో తెలియలేదు. నీకిద్దామనే ఇంటికి రమ్మన్నాను."

"అబద్ధం! ఆలస్యం చెయ్యడమే నీకు అప్పగించిన పని."

"ఒరేయ్, నా మాట..."

డేగ చెయ్యి లేచింది. బావ శిష్యులందరి ముందు, ఆ చెంపదెబ్బ గది నలుమూలలా మోగింది. బావ హెల్మెట్ దొర్లుకుంటూ వెళ్ళి గోడకి తగిలి ఆగింది. ఎవరూ దాన్ని తీయలేదు.

సంకెళ్ళు వేసి పక్కనే ఉన్న స్టోర్ రూమ్‌లో కూర్చోబెట్టారు. "తాళంచెవి నా దగ్గర ఉంచుకుంటాను. మీరు మెత్తబడతారేమో" అంది వెల్వెట్ నవ్వుతూ. ఇచ్చేశాడు.

అది అదనపు ముక్కేనని, రోటర్ బాలెన్స్‌లో లోపమేమీ లేదని కన్సల్టెంట్‌గా ఆమె హామీ ఇచ్చాక ఆవిరి వదిలారు. రోటర్ తిరగడం మొదలైంది. గాజు గోడ అవతల గ్యాలరీలో మంత్రి చప్పట్లు కొట్టాడు. వాచీ కూతపెట్టలేదు. అంటే హాల్లో బాంబు లేదు. కంట్రోల్ రూమ్ గోడ మీది వైబ్రేషన్ మీటరు ముల్లు సున్నా దగ్గరే పడుకుంది. డేగ తృప్తిగా కాఫీ కప్పు అందుకోబోయాడు.

కప్పులో కాఫీ వణుకుతోంది.

చూస్తుండగానే సాసర్‌తో సహా గలగలమంది. కాసేపటికి తగ్గింది. మీటరు ముల్లు మాత్రం కదల్లేదు.

డేగకి గుర్తొచ్చింది. అప్లయిడ్ మెకానిక్స్ పరీక్ష తప్పినప్పుడు బావ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిన పాఠం. ప్రతి షాఫ్ట్‌కీ ఒక క్రిటికల్ స్పీడ్ ఉంటుంది. సరైన సమయంలో తోస్తే ఊయల ఎత్తుకి లేచినట్టు, ఆ వేగం దగ్గర షాఫ్ట్ విపరీతంగా ఊగుతుంది. అందుకే దాన్ని చప్పున దాటెయ్యాలి. ఇప్పుడు కాఫీ వణికింది దాన్ని దాటేటప్పుడే. బాలెన్స్ సరిగ్గా ఉంటే అంతలా వణకదు. పైగా బరువు ఒక పక్కకి ఉంటే, వేగం రెట్టింపైనప్పుడు లాగే బలం నాలుగింతలవుతుంది. ఫుల్ స్పీడ్‌కి చేరితే రోటర్ ముక్కలై గ్యాలరీ మీదికి దూసుకెళ్తుంది. బాంబెందుకు? రోటరే బాంబు!

మరి మీటరు? దాన్ని బిగించింది వెల్వెట్.

ఆమె గదిలో లేదు.

డేగ స్టోర్ రూమ్ తలుపు ఒక్క తన్ను తన్నాడు. "బావా..." అంటూ లోపలికి దూసుకొచ్చాడు.

బావ అతని మొహం చూసి అన్నీ గ్రహించాడు. చెంప మీద వేళ్ళ గుర్తులు ఎర్రగా కనిపిస్తున్నాయి. "క్రిటికల్ దాటిందా?"

"దాటింది. ఆపెయ్యమంటారా?"

"ఆవిరి ఆపితే చాలదు. నిదానంగా వేగం తగ్గుతూ మళ్ళీ ఆ క్రిటికల్ దగ్గరే తచ్చాడుతుంది. అక్కడ విరుగుతుంది. లోపలంతా శూన్యం, అడ్డేమీ లేదు. కండెన్సర్‌లోకి గాలి వదలాలి. గాలి అడ్డుపడితే గబగబా దిగిపోతుంది. పద!"

కంట్రోల్ రూమ్ వైపు తిరిగి ఆవిరి ఆపమని అరిచి, సంకెళ్ళతోనే మెట్లు దిగి గాలి వదిలే వాల్వ్ దగ్గరికి పరిగెత్తాడు బావ. వాల్వ్‌ని తిప్పే మోటారు వైర్లు తెగి వేలాడుతున్నాయి. డేగ చేతిచక్రం పట్టుకుని గుంజాడు. కదల్లేదు. పైన హాలు మళ్ళీ హోరెత్తుతోంది. కాళ్ళ కింద ఇనపజాలీ అదురుతోంది.

"బలం కాదురా, పొడవు పెంచు! ఆ పైపు దూర్చు!"

డేగ చక్రం ఆకుల మధ్య పొడుగాటి పైపు దూర్చాడు.

"పైపు వదిలెయ్యండి." జాలీ చివర వెల్వెట్. చేతిలో పిస్టల్.

బావ ఆమె వంకే చూడలేదు. బేడీల చేతులతో పైపు చివర పట్టుకుని ఒళ్ళంతా వేలాడేశాడు. ఆమె పేల్చింది. నేల ఊగిన ఊపుకి గురి తప్పి గుండు గోడలో దిగింది. రెండోసారి పేల్చేలోపు డేగ ఆమె మీదికి దూకాడు. పిస్టల్ జాలీ సందులోంచి కిందికి జారిపోయింది. సరిగ్గా అప్పుడే చక్రం కిర్రుమని తిరిగింది.

గాలి ఈలవేస్తూ కండెన్సర్‌లోకి దూసుకెళ్ళింది. పైన హోరు ఒక్కసారి మిన్నంటి, అద్దాలు పగిలి, తర్వాత తగ్గుతూ తగ్గుతూ ఒక నిట్టూర్పుగా మారింది. రోటర్ విరగలేదు.

డేగ వెల్వెట్ జేబులోంచి తాళంచెవి తీసి బావ సంకెళ్ళు విప్పాడు. చీఫ్ ఫోన్‌లో మెడల్ అన్నాడు. పైకొచ్చాక మంత్రి భుజం తట్టాడు. కంట్రోల్ రూమంతా డేగ కోసం చప్పట్లు కొట్టింది. ఒక్కొక్క చప్పట్లో అతనికి చెంపదెబ్బే వినిపించింది.

"ఆపండి" అన్నాడు. "కాపాడింది ఈయన. ప్రమాదం ఉందని చెప్పడానికొచ్చిన మనిషిని అందరి ముందూ కొట్టినవాణ్ణి నేను. మా అక్క ఇల్లు తిరగేసినవాణ్ణి. ద్రోహికి తాళంచెవి చేతికిచ్చింది కూడా నేనే."

అతను వంగి గోడ దగ్గరున్న హెల్మెట్ తీసి, చేత్తో తుడిచి, బావకి అందించాడు. తలెత్తలేకపోయాడు.

"బావా, ఇక్కడే, వీళ్ళందరి ముందే నన్నూ ఒకటి కొట్టండి. లేకపోతే అక్క మొహం చూడలేను."

బావ హెల్మెట్ పెట్టుకుని, చెంప తడుముకున్నాడు.

"నిన్ను ఎంత బలంగా కొడితే నా చేతికీ అంతే తగులుతుందిరా. న్యూటన్ ఊరికే చెప్పలేదు. నువ్వు కొట్టావుగా, నీ చెయ్యి నొప్పెట్టలేదూ?"

"ఇంకా పెడుతోంది బావా."

"అయితే ఇన్నాళ్ళకి నీకు మెకానిక్స్ వచ్చినట్టే" అని బావ టర్బైన్ విప్పించడానికి వెళ్ళిపోయాడు.