ఆడబిడ్డ రిపోర్టు

"నీకున్నది ఎనిమిది గంటలు," అన్నాడు చీఫ్. "సాయంత్రం నాలుగుకి వాళ్ళ కారు నంద్యాల వదులుతుంది. ఆళ్లగడ్డ, కడప మీదుగా చెన్నై. రేపు పొద్దున దుబాయ్ ఫ్లైట్."

సుప్రియ సెల్‌ఫోన్ చెవికి నొక్కిపట్టింది. 2003లో ఆ నంద్యాల లాడ్జిలో సిగ్నల్ దొరికేది మేడ మీద నీళ్ళట్యాంకు పక్కనే.

"మిషన్ పేరు?"

"ఆపరేషన్ చుట్టం." చీఫ్‌కి పేర్లు పెట్టే సరదా చావదు. "టార్గెట్ డాక్టర్ రాజశేఖర్. క్షిపణి గైడెన్స్ కోడ్ మొత్తం ఆయన బుర్రలో ఉంది. దేశం దాటితే ఆర్కిడ్ ముఠా ఆయన్ని వెనక్కి పంపదు. వాళ్ళు ఎరగా పంపింది అక్కనంటూ వచ్చిన ఆ సబానే అని మన అనుమానం."

"అనుమానం కాదు సర్, నిజం."

"ఆ మాట ఏజెంట్ నైన్టీన్ అంటోందా, టార్గెట్ భార్య అంటోందా?"

సుప్రియ పళ్ళు కొరుక్కుంది. తన పెళ్ళాం ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తుందని పన్నెండేళ్ళుగా నమ్ముతున్న అమాయకుడే ఆ టార్గెట్.

"విను. అనాథ సైంటిస్టుకి అక్క దొరికిందని పేపర్లన్నీ రాశాయి. మంత్రిగారే దగ్గరుండి అనుమతి ఇప్పించారు. ఆమె చేతిలో డీఎన్‌ఏ రిపోర్టుంది. నువ్వు ఆధారం తీసుకురా. అసూయ తీసుకురాకు."

లైను కట్టయింది.

అసూయట! కిందికి దిగి హోటల్లో అడుగుపెట్టగానే సుప్రియ ఒళ్ళు భగ్గుమంది. రాజశేఖర్ తన ఉగ్గాని పళ్ళెంలోంచి మిరపకాయ బజ్జి తీసి సబా పళ్ళెంలో పెడుతున్నాడు. పన్నెండేళ్ళ కాపురంలో సుప్రియకి సగం బజ్జి కూడా ఇచ్చిన పాపాన పోలేదు ఆ మనిషి!

"తిను అక్కా, నంద్యాల బజ్జి ఎక్కడా దొరకదు."

నలభై దాటాయని సబాయే చెప్పుకుంటుంది. చూస్తే ముప్పై కూడా ఉండవు. లేతపచ్చ షిఫాన్ చీర, నల్లకళ్ళద్దాలు, వీధి చివరిదాకా వచ్చే సెంటు. ఆమె చెప్పే కథా అందంగానే ఉంటుంది. నంద్యాల ఆస్పత్రిలో రాజశేఖర్‌ని కని చనిపోయిన తల్లి పేరు మౌలాలమ్మ. ముస్లిం స్త్రీ. పెద్ద బిడ్డయిన తనను పిన్ని బొంబాయి తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి దుబాయ్ చేర్చింది. ఇప్పుడా పిన్ని చావుబతుకుల్లో ఉంది, తమ్ముణ్ణి ఒక్కసారి చూడాలంటోంది.

"మరదలు పిల్లకి మనం మాట్లాడుకుంటే నచ్చదేమో," అంది సబా తియ్యగా.

"దానికి అలవాటు లేదక్కా. ఇన్నాళ్ళూ నాకు అదొక్కతే కదా."

ఆ 'ఇన్నాళ్ళూ' అన్నమాట సుప్రియ గుండెలో ముల్లులా దిగింది. హాస్టల్లో పెరిగిన మనిషికి తనే అమ్మ, తనే చెల్లి, తనే సమస్తం అనుకుంది. నాలుగు నెలల్లో ఎవతో వచ్చి ఆ కుర్చీలన్నీ లాగేసుకుంది. తలనొప్పని చెప్పి లేచి వచ్చేసింది. ఆ మహానుభావుడు తల కూడా ఎత్తలేదు.

అరగంట తర్వాత ఖద్దరు చీర, లావుపాటి కళ్ళజోడు, చంకలో ఫైళ్ళతో జనన రికార్డుల సర్వే ఆఫీసరొకావిడ ఆస్పత్రి పాతగదిలో కూర్చుంది. 1964 రిజిస్టరు అంచులు చెదలు తిన్నాయి గాని ఆ పేజీ బాగానే ఉంది. మౌలాలమ్మ, భర్త కీ.శే. కొండయ్య, రాతిపని, ఆళ్లగడ్డ. మగశిశువు. తల్లి మృతి. కింద ఆయా వేలిముద్ర, పక్కన పేరు: మస్తాన్‌బీ.

సుప్రియ పెన్ను టోపీ నొక్కింది. అందులోని కెమెరా పేజీని మింగేసింది. తండ్రి పేరు కొండయ్య అని ఉండటం చూసి ఒక్కక్షణం ఆశపడింది. కాని మతం దాటి పెళ్ళి చేసుకున్నారని సబా ఎప్పుడో సర్దిచెప్పింది. దొంగముండకి అన్నిటికీ జవాబుంది!

మధ్యాహ్నందాకా ఆరా తీస్తే మస్తాన్‌బీ ఆస్పత్రి వెనక సందులో కొడుకు గాజులకొట్టు అరుగు మీద దొరికింది. డెబ్భై దాటినా చూపు, మాట రెండూ చురుకే.

"మౌలాలమ్మనా? ఎట్ల మర్సిపోతా? నా చేతుల్లోనే పాయె."

"ఆమె ముస్లిమేనా?"

"ఏందమ్మా, పేరు జూసి అట్లంటాండావా?" ముసలామె నవ్వింది. "వాళ్ళమ్మ మౌలాలి పీరుకు మొక్కుకుంటే పుట్టిందంట. అందుకే ఆ పేరు. మొగంనిండా బొట్టు, మెడలో తాళి, నేను సూడలేదా? ఈడ ఇంటికొకరుంటారు అట్లాంటోళ్ళు. పీర్ల పండగకు అగ్గి తొక్కేది ఎవరనుకుంటాండావు?"

సుప్రియకి వెలిగింది. ఎక్కడో దుబాయ్ ఏసీ గదిలో కూర్చుని ఈ కథ అల్లినవాడు పేరు చూసి మతం రాసేసుకున్నాడు. నంద్యాల వైపు ఒక్క నెల ఉన్నా చెయ్యని తప్పు.

"మరి ఆమెకి కూతురుండేదా? పెద్దపిల్ల?"

"కూతురు యాడిది! ఆరేండ్ల కొడుకుండె. వాని పేరూ మౌలాలినే. వాకిట్లో కూసోని ఒకటే ఏడుపు. వాళ్ళ మామొచ్చి వాణ్ణి ఆళ్లగడ్డకే తోల్కపాయె. సిన్నబిడ్డ బతకడని డాక్టరమ్మ అనింటే, ఈడనే ఇడిసిపెట్రి."

సుప్రియ అరుగు మీదే కూర్చుని సబా రిపోర్టు ఫోటోని పర్సులోంచి తీసింది. దొంగతనంగా తీసిన ఆ ఫోటోని వందసార్లు చూసింది. ప్రతిసారీ 'తోబుట్టువులు, 99.9 శాతం' అన్న అంకె దగ్గరే కుళ్ళుకుని ఆగిపోయింది. ఈసారి పట్టికలో చివరి వరుసదాకా దిగింది. స్త్రీయా పురుషుడా తేల్చే వరుస అది. ఆడవాళ్ళయితే ఎక్స్, ఎక్స్ ఉండాలి. రాజశేఖర్ గడిలో ఎక్స్, వై. సబా గడిలోనూ ఎక్స్, వై!

"ఓరి వీళ్ళ దుంపతెగ! నా ఆడబిడ్డ మగాడు!" అని పైకే అనేసింది. మస్తాన్‌బీ బిత్తరపోయి చూసింది.

రక్తం నిజమే. మనిషే వేరు. ముఠా ఆ అన్న రక్తానికి సబా పేరు అంటించింది, చివరి వరుస చూసుకోలేదు.

బ్యూరో జీపు ఆళ్లగడ్డ చేరేసరికి నాలుగున్నర. రోడ్డు పక్క శిల్పాల షెడ్డులో, ఒళ్ళంతా రాతిపొడితో ఒక మనిషి నంది చెవి చెక్కుతున్నాడు. ఆ ముక్కు, ఆ నుదురు రాజశేఖర్‌వే.

"మౌలాలన్నా, మీ దగ్గర ఎవరన్నా రక్తం తీసుకున్నారా?"

"పోయినేడు దొరలొచ్చిరి. రాతిపనోళ్ళకు ఊపిరితిత్తుల పరీక్ష అనిరి. నెత్తురు తీసుకోని సోడా ఇచ్చిరి. ఎందుకమ్మా?"

సుప్రియ రిపోర్టు ఫోటోని మళ్ళీ చూసింది. సబాని పట్టించడానికి ఆ చివరి వరుస ఒక్కటి చాలు. ఈ మనిషి సంగతి చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? రాజశేఖర్ మళ్ళీ అనాథ అవుతాడు. మళ్ళీ తన ఒక్కదానివాడవుతాడు. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందంటే, తన మీద తనకే భయం వేసింది. అక్కా అని పిలుస్తున్నప్పుడు భర్త మొహంలో చూసిన వెలుగు గుర్తొచ్చింది. తను పన్నెండేళ్ళు కష్టపడ్డా తెప్పించలేని వెలుగది. ఏడుపొచ్చింది.

"మీ తమ్ముడు బతికే ఉన్నాడన్నా."

మౌలాలి చేతిలో సుత్తి ఆగిపోయింది.

"ఇంకాసేపట్లో ఈ రోడ్డు మీదే వస్తాడు. లేచి నాతో రండి."

నల్ల క్వాలిస్‌కి అడ్డంగా జీపు ఆగింది. రాజశేఖర్ దిగాడు, మొహం కందగడ్డ చేసుకుని.

"నడిరోడ్డు మీద ఏంటిది సుప్రియా? ఇంత అసూయా?"

"అసూయే. కాదనను. ముందిది చదవండి. చివరి వరుస."

సైంటిస్టుకి రెండు సెకన్లు పట్టింది. "వై క్రోమోజోమా..." అంటూ వెనక్కి తిరిగేలోపు సబా లిప్‌స్టిక్ గొట్టం ఆయన మెడకి ఆనింది. లోపలున్నది రంగు కాదు, ఒకే ఒక్క తూటా.

"కారెక్కు డాక్టర్. మూడు లెక్కపెడతాను. ఒకటి..."

రెండు అనేలోపే గుప్పెడు రాతిపొడి ఆమె కళ్ళల్లో పడింది. "ఏయ్, ఎవర్తివే నువ్వు? నా తమ్మున్ని ఇడువు!" అని మౌలాలి కేక. సుప్రియ సబా మణికట్టు పట్టి మెలితిప్పింది. తూటా వెళ్ళి షెడ్డులోని నంది చెవిని ఎగరగొట్టింది. పారిపోబోయిన డ్రైవర్ని జీపులోని బ్యూరో మనుషులు పట్టేశారు. సబా పర్సులో ఆరు దేశాల పాస్‌పోర్టులు, ఆరు పేర్లు బయటపడ్డాయి. ఏ ఒక్కదాంట్లోనూ సబా లేదు.

"ఇద్దరి దగ్గర జీతం తీసుకుంటున్నాను," అంది ఆమె సంకెళ్ళు చూసుకుంటూ. "ఆర్కిడ్ దగ్గరా, ఆర్కిడ్ శత్రువుల దగ్గరా. మీరూ ఇస్తానంటే నాకేం అభ్యంతరం లేదు."

"ఇన్సూరెన్స్ ఆఫీసులో ఇవన్నీ నేర్పుతారా?" అన్నాడు రాజశేఖర్ నీరసంగా.

"క్లెయిములు సెటిల్ చెయ్యాలి కదండీ. తర్వాత చెప్తాను. ముందు ఆయన్ని చూడండి."

అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకున్నారు. మౌలాలి చెయ్యెత్తి, పొడి అంటుతుందని మళ్ళీ దించుకున్నాడు. రాజశేఖరే ఆ చెయ్యి పట్టుకుని చెంపకి ఆనించుకున్నాడు.

"నువ్వు సచ్చిపోయినావని చెప్పిరప్పా నాకు. ఎవురినీ అడగకపోతి," అన్నాడు మౌలాలి. ఇద్దరూ చిన్నపిల్లల్లా ఏడ్చారు. సుప్రియ మాత్రం డ్యూటీ మరవకుండా ఇద్దరి బుగ్గల్లోంచి దూదిపుల్లలతో శాంపిళ్ళు తీసుకుని సీలు వేసింది.

అంతలో షెడ్డు వెనక ఇంట్లోంచి మౌలాలి భార్య గోవిందమ్మ పరుగున వచ్చింది. సంగతి విని, రాజశేఖర్ని రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

"ఇంత సన్నగుండావేందప్పా? నీ పెండ్లాం కూడు పెట్టల్యా? ఇంగ నువ్వు పది దినాలు ఈడనే ఉండాల. నేను సెప్పినానంటే సెప్పినట్లే!"

"అట్లే వదినా," అన్నాడు రాజశేఖర్. మొహంలో అదే వెలుగు, రెట్టింపు. వెనక్కి తిరిగి పెళ్ళాం వస్తోందో లేదో కూడా చూడలేదు.

సుప్రియ ఫోన్ మోగింది.

"రిపోర్ట్?" అన్నాడు చీఫ్.

"ఆపరేషన్ చుట్టం సక్సెస్ సర్. టార్గెట్ క్షేమం. శత్రువు అరెస్ట్."

"మరి గొంతు అలా ఉందేం?"

లోపల్నుంచి గోవిందమ్మ గలగలా నవ్వు, ఆ వెనకే రాజశేఖర్ నవ్వు వినిపించాయి.

"ఆడబిడ్డ నకిలీ అని తేలింది సర్," అంది ఏజెంట్ నైన్టీన్. "తోడికోడలు మాత్రం ఒరిజినల్."