తడి తగిలిన ముక్కలు

శ్రీలేఖ రెండు చీరలు, హేమచంద్ర చొక్కాలు బ్యాగులో సర్ది జిప్ వేసింది. పెళ్లయి వారమే. సాయంత్రం విశాఖ రైలు.

"మీ అన్నయ్యకి ఒక మాట చెప్పి వచ్చేస్తాను. చెప్పకుండా వెళ్తే బాగుండదు," అని తొమ్మిదింటికి హేమచంద్ర చిలకలగూడ మార్కెట్‌కు బయలుదేరాడు.

పదిన్నరైనా రాలేదు. ఫోన్ స్విచాఫ్.

ఆమె బ్యాగుతో సహా పోలీస్ స్టేషన్‌లో ఎస్సై వసుధ దగ్గరికి పరుగెత్తింది.

వసుధ కానిస్టేబుల్ సత్యదేవ్‌ను, శ్రీలేఖను వెంటబెట్టుకుని మార్కెట్‌కు వచ్చింది. ఆవకాయ రోజులు. మార్కెట్‌లో కాలు పెట్టే సందు లేదు. మామిడికాయలు కొట్టేవాళ్ల కత్తులు వరసగా దభీ దభీమని పడుతున్నాయి. వాళ్లలో ఒకడు భానుప్రకాశ్, శ్రీలేఖ అన్న.

"హేమచంద్ర వచ్చిండా?" వసుధ అడిగింది.

"వచ్చిండు, పోయిండు మేడమ్. రైలు స్టేషన్ దిక్కు."

"బ్యాగ్ లేకుండనా?"

"పెండ్లాన్నే ఇడిచిపెట్టెటోనికి బ్యాగెందుకు?" చెల్లెల్ని చూసి నవ్వాడు. "చెప్పిన గద చెల్లె, గీ పెండ్లొద్దు, మనోడు గాడు, నిలవడని."

శ్రీలేఖ ముఖం పాలిపోయింది.

అంతలో అనసూయమ్మ అనే పెద్దావిడ జనాన్ని తోసుకొచ్చింది. "పోలీసమ్మా, నా గోడు విను. తుడిచి ఆరబెట్టిన కాయలిస్తే ఇదిగో ఇతను ముక్కలన్నీ తడిచేసి ఇచ్చాడు. ఏడాది ఆవకాయ బూజు పట్టదూ?"

"ఎప్పుడు కొట్టించారు?"

"తొమ్మిదిన్నరకి. ఇంటికెళ్లి మూట విప్పితే చెమ్మ."

"సొన అంటితె కత్తి కడిగిన. గంతే," అన్నాడు భానుప్రకాశ్.

వసుధ అతని వెనక తలుపు మూసి ఉన్న గదిని చూసింది.

"వెనక గది తెరువు."

"టెంకల బస్తాలున్నయ్ మేడమ్."

"తెరువు."

భానుప్రకాశ్ కత్తి ఎత్తి వేటు వేశాడు. కానిస్టేబుల్ సత్యదేవ్ ముంజేయి ఎముక దాకా తెగింది. నెత్తురు మామిడి ముక్కల మీద చిమ్మింది. వసుధ లాఠీ దెబ్బ భానుప్రకాశ్ మోకాలి మీద ఒకటి, మణికట్టు మీద ఒకటి పడింది. ఎముక విరిగిన చప్పుడు. రెండోసారి ఎత్తిన కత్తి కింద పడింది.

గదిలో బస్తాల కింద హేమచంద్ర ఉన్నాడు. తల వెనక పుర్రె రెండుగా చీలింది. ఊపిరి లేదు.

"సొన అంటితె నీ పక్కోళ్లందరు గుడ్డతోటి తుడుస్తున్నరు," వసుధ అంది. "గీ దినాలల్ల కత్తికి నీళ్లు తాకనియ్యరు. చిన్నప్పటిసంది గిదే పని నీది. నీకు తెల్వదా? నువ్వు కడిగింది సొన గాదు. ఇన్ని కత్తుల చప్పుడుల ఇంకో దెబ్బ ఎవలికి వినిపిస్తది?"

భానుప్రకాశ్ విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకున్నాడు. "గదిల నాకు దండం పెట్టనీకి వంగిండు మేడమ్. గప్పుడే."

శ్రీలేఖ గడప మీద కూలబడింది. "ఆయన నన్ను ఇడిచి పోలె," అంది. రెండోసారీ అదే మాట అంది.

సాయంత్రం విశాఖ రైలు వేళకే వెళ్లింది. ఏప్రిల్ రెండో ఆదివారం ఉదయం మార్కెట్‌కు వెళ్లిన హేమచంద్ర తిరిగి రాలేదు.