ధాతను ఆపిన పూట

ఆపరేటరు నూకరత్నం తెర మీద నడుస్తున్న పనుల పట్టిక తెరిచింది. శీతల గిడ్డంగుల లెక్కింపు ఒకటి అదుపు తప్పి ఊరి కంప్యూటరు యంత్రం శక్తినంతా మింగేస్తోంది. ముందు మర్యాదగా ఆగమని ఆజ్ఞ టైపు చేసింది. అది చేతిలో ఉన్న పని భద్రపరచుకుని తప్పుకుంది. మాట వినని వాటికే ఆమె బలవంతపు ఆజ్ఞ వాడేది, అదీ మనసొప్పకుండానే.

తేలుపట్నం సముద్రం మీద కట్టిన ఊరు. నీళ్లు తోడే పంపులు, ఆసుపత్రి, తుపాను అంచనా అన్నీ ఒకే యంత్రంలో నడుస్తాయి. ఏ పనికి ఎప్పుడు వంతు ఇవ్వాలో ధాత అనే ప్రోగ్రాం నిర్ణయిస్తుంది. ఆపరేటర్లకు మిగిలేవి చిన్నచిన్న సర్దుబాట్లే.

ఆ ఉదయం తుపాను హెచ్చరిక రాగానే అత్యవసరం కాని పనులన్నిటినీ ధాత స్తంభింపజేసింది. వాటిలో శ్రవణి ఒకటి. తిమింగలాల పాటలు వినడానికి డాక్టర్ కుసుమకుమారి రాసిన ప్రోగ్రాం అది. ఆవిడ పోయి ఏళ్లయినా, అందరూ వాడుకోగా మిగిలిన శక్తితోనే, కడలి అడుగున ఉన్న మైకులను వింటూ నడుస్తూనే ఉంది. పడవల రొద తీసేస్తే గాని పాట వినబడదు కనుక, ఆవిడ ఊళ్లోని ప్రతి పడవ ఇంజను గొంతూ దానికి నేర్పింది. ఆ ఓపిక చూసినప్పుడల్లా నూకరత్నానికి చేతులెత్తి మొక్కాలనిపించేది.

మధ్యాహ్నం పర్యవేక్షకుడు భానోజీరావు తడిసిన చొక్కాతోనే లోపలికి వచ్చాడు.

"ఎర్రయ్య పడవ జాడ లేదమ్మా. సంకేతం ఆగిపోనాది. కొడుకులిద్దరూ కూడా అందులోనే ఉన్నారు. ఎటేపని ఎతకడం?"

"ఇంజను ఆడతంటే శ్రవణికి ఇనబడతాదండి."

ఆమె శ్రవణిని లేపింది. కన్ను మూసి తెరిచేలోగా ధాత దాన్ని మళ్లీ పడుకోబెట్టింది. ప్రాధాన్యం పెంచి లేపింది. మళ్లీ అంతే.

"ధాత ఒప్పుకోదమ్మా," అన్నాడతను.

"అయితే ధాతనే ఆపేద్దారండి."

"మతుండే మాటాడతన్నావా? పంపుల సంగతేటి? కిందివాడ మునిగిపోద్ది!"

"వంతులు నాను సేత్తో ఇస్తాను. మీరు నీటిమట్టం సదవండి."

భానోజీరావు ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

ఆమె ఆజ్ఞ టైపు చేసింది. ధాత ఆగింది.

ఇక ప్రతి వంతూ ఆమె వేళ్ల మీదే. పంపులకు కాస్త, ఆసుపత్రికి కాస్త, శ్రవణికి కాస్త. ఒకదాన్ని ఆపి ఇంకొకదాన్ని లేపుతూ, తప్పు టైపు చేస్తే పెదవి కొరుక్కుని దిద్దుకుంటూ పోయింది. "కిందివాడలో నీరు గట్టెక్కేత్తంది!" అని భానోజీరావు కేక పెట్టాడు. ఆమె తుపాను అంచనాను ఆపి ఆ శక్తి పంపులకు మళ్లించింది. కాసేపు తుపాను ఎటు వస్తోందో ఊళ్లో ఎవరికీ తెలియలేదు. నీరు మాత్రం వెనక్కి తగ్గింది. ఆమె మెడ మీదుగా చెమట కారుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

శ్రవణి తెర మీద ఒక వరుస రాసింది: ఎర్రయ్య పడవ, తూర్పు మైకు, ఇంజను బలహీనం.

భానోజీరావు రక్షక నౌకకు ఫోను చేస్తూనే ఏడ్చేశాడు. సాయంత్రానికి ఎర్రయ్యనూ కొడుకులనూ ఒడ్డుకు చేర్చారు.

ఆమె ధాతను తిరిగి నడిపించింది. జరిగింది ఎవరితోనూ అనవద్దని, ఊళ్లన్నిట్లో ధాతను నడిపే ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. అది చదువుతుండగానే పక్క ఊరు కొత్తరేవు ఆపరేటరు సన్యాసమ్మ ఫోను చేసింది.

"అక్కా, మా పడవలు రెండు కనబడ్డం లేదు. మైకులు ఇందావంటే మా ఊరి ధాత ఒప్పుకోడం లేదు. నువ్వు మీదాన్ని ఆపీసేవంట గదా, నిజవేనా? ఆపితే ఆగుతాదా?"

భానోజీరావు ఉత్తర్వు వైపు వేలు చూపించి, తల అడ్డంగా ఊపాడు. నూకరత్నం ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"ఆగుతాది. ముందు పక్కనొక మనిసిని కూకోబెట్టుకో. నాను సెప్తాను, టైపు సెయ్యి."