పన్నెండో పేరు

ఆదివారం పొద్దున్నే పెసరట్టు ముందు కూర్చున్న సత్యప్రసాద్‌కి ముక్క గొంతు దిగడం లేదు. రామచంద్రపురంలో ఓ డిగ్రీ కాలేజీకి ఇరవై రెండేళ్లుగా బాస్కెట్‌బాల్ కోచ్ అతను. ఈ ఏడాది యూనివర్సిటీ అమ్మాయిల జట్టును ఎంపిక చేసే పని కూడా అతనికే అప్పగించారు. పన్నెండు పేర్లు రాసి నిన్న సాయంత్రమే పంపేశాడు. అందులో అదే కాలేజీలో చదివే కన్నకూతురు హేమశ్రీ పేరు లేదు. ఆ సంగతి ఇంట్లో చెప్పే ధైర్యమూ ఆ మహానుభావుడికి లేదు.

చెప్పకపోతే దాగుతుందా? భార్య వీరవేణి ఫోన్ పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది.

"ఏవండీ, నిన్న రాత్రే లిస్టు గ్రూపులో పెట్టారట. రెండుసార్లు చదివాను. మన హేమ పేరేదండీ?"

"కోచ్ కూతురు కదా వేణీ. నలుగురూ ఏమంటారో అని..."

"అది బాగా ఆడలేదా?"

ఆడింది. సెలక్షన్లలో అందరికంటే ఎక్కువ బాస్కెట్లు వేసింది హేమే. కానీ పోయినేడు స్టాఫ్ రూములో లెక్కల లెక్చరర్ త్రిమూర్తులు, "మీ అమ్మాయి కోసమే టీమ్ కడుతున్నారేంటండీ?" అని నవ్వాడు. ఆ మాట సత్యప్రసాద్‌కి ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. పన్నెండో పేరు హేమ అని రాయబోయి, దాని స్నేహితురాలు దీవెన పేరు రాశాడు.

"ఎవడో ఏదో అన్నాడని పిల్ల గొంతు కోస్తారా? దానికిదే ఆఖరి ఏడాదండీ! పరాయి పిల్లయితే మొదటి పేరే రాసేవారు. మీకు కూతురై పుట్టడమే అది చేసిన తప్పా?"

సత్యప్రసాద్ లేచి యూనివర్సిటీ ఆఫీసులో పనిచేసే అప్పాజీకి ఫోన్ చేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

"లిస్టు నిన్న అయిదింటికే క్లోజ్ అయిపోయిందండి మాస్టారూ. ఎవరికైనా దెబ్బ తగిలితే తప్ప పేరు మార్చనివ్వరు. నా చేతుల్లో ఏం లేదండి," అన్నాడు అప్పాజీ.

తిరిగి చూస్తే గుమ్మంలో హేమ. అంతా వింది. అంతలో ఆమె ఫోన్ మోగింది. స్పీకర్లో దీవెన ఏడుపు.

"కాలు బెణికిందని రాసిచ్చేస్తానే. నువ్వెళ్లు. ఆ చోటు నీదని నాకు తెలీదేంటి?"

వీరవేణి ఆశగా కూతురి వంక చూసింది. సిగ్గు విడిచి సత్యప్రసాద్ కూడా చూశాడు.

"నోర్ముయ్యవే పిచ్చిమొహమా! నువ్వు అబద్ధమాడి ఆగిపోతే నేనెలా ఆడతాననుకున్నావ్? రేపు ప్రాక్టీసుకి రా, నీ ఎడంచేతి డ్రిబ్లింగ్ దిద్దాలి," అని ఫోన్ పెట్టేసింది హేమ. తర్వాత తండ్రి ముందుకొచ్చి నిలబడింది.

"నాన్నా, ఒక్కటి చెప్పండి. నిన్న లిస్టు చూసినప్పట్నుంచీ ఇదే ఆలోచిస్తున్నాను. నిజంగా నాకు ఆట రాదా?"

సత్యప్రసాద్ పధ్నాలుగేళ్లుగా ఆట నేర్పుతూ ఒక్కనాడూ మెచ్చుకున్న పాపాన పోలేదు. పొగిడితే పిల్ల చెడిపోతుందని భయం.

"ఇరవై రెండేళ్లలో నీలాంటి ప్లేయర్ని చూళ్లేదమ్మా," అన్నాడు చివరికి. "జనానికి జడిసి నీకు అన్యాయం చేశాను. దిద్దుకుందామంటే దారి లేదు. క్షమించు తల్లీ."

హేమ తండ్రి భుజానికి నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. అతను కూతురి తల నిమురుతూ ఉండిపోయాడు.

"ఈ ఒక్క మాట కోసమే ఇన్నేళ్లూ ఆడాను నాన్నా," అంది హేమ. "ఇప్పుడు చెప్పారు, సరే. ఈ ఏడాదితో కాలేజీ అయిపోతుంది, ఇంక నేనెక్కడ ఆడాలి?"