వంతెన అవతలి ఇంట్లో నూనె వాసన

వంతెన అవతల, పశువుల డాక్టరు వదిలేసి వెళ్ళిన ఇల్లొకటి ఉంది చూశారూ... చీకటి పడ్డాక అటువైపు గుర్రం కూడా అడుగు వెయ్యదని మా నారిన్ కొండల్లో చెప్పుకుంటారు.

అక్కడ పొయ్యి వెలిగించే మనిషి లేడు. అయినా ఆ ఏడు చలికాలం మొదలైనప్పటి నుంచీ ప్రతి గురువారం రాత్రీ కాగే నూనె వాసన వచ్చేది. మావైపు గురువారం నూనె కాచేది పోయినవాళ్ళ కోసమే. ఏడు రొట్టెలు వేయిస్తే ఆ వాసనే వాళ్ళకు ముద్ద. మరి ఆ పాడుకొంపలో వేయించేది ఎవరు? ఎవరికోసం?

"ఇంకెవరు, డాక్టరు పెళ్ళామే, చచ్చిపోయింది కదా. తనకోసం నూనె కాచే దిక్కులేక తనే వేయించుకుంటోంది పాపం" అనేవాళ్ళు ఆడవాళ్ళు, గొంతు తగ్గించి.

సాయ్‌కాల్ ఆ మాట నమ్మలేదు. పద్నాలుగేళ్ళ పిల్ల. స్నేహితురాలు జిబెక్‌తో కలిసి దూడను ఎత్తుకెళ్ళిన దొంగనూ, బడిలో మాయమైన గంటనూ పట్టుకున్న ఘనురాలు. ఏ చిన్న ఆచూకీ దొరికినా నోటుబుక్కులో రాసుకునేది. ఆ పుస్తకంలో ఆఖరి కేసు... వాళ్ళ నాన్నదే.

మొదటి మంచు పడ్డ రోజున నాన్న కుబాత్ లారీ కనుమ మీంచి ఏట్లోకి దొర్లింది. లారీ దొరికింది, మనిషి దొరకలేదు. "తలుపు తెరిచే ఉంది. ఒక బూటు ఒడ్డున ఉంది" అని రాసుకుంది సాయ్‌కాల్. దానికింద రెండు గీతలు కొట్టి — "బతికే ఉన్నాడు."

నాయనమ్మదీ అదే మాట. "నా కొడుకు వాసనతో కడుపు నింపుకుంటాడా? వచ్చి నోటితో తింటాడు!" అని గురువారాలు ఇంట్లో మూకుడే పొయ్యి ఎక్కనివ్వలేదు. అమ్మ కళ్ళు తుడుచుకుంటే కసిరేది.

ఆ గురువారం అందరూ పడుకున్నాక ఇద్దరు పిల్లలూ వంతెన దగ్గర కలుసుకున్నారు. ఏరు గడ్డకట్టి, దానిమీద వెన్నెల పాలు ఒలికినట్టుంది...

"ఒసే, నేనిక్కడే కాపలా ఉంటా" అంది జిబెక్, పళ్ళు టకటకలాడిస్తూ.

"దూడదొంగను పట్టిన దానివి, దెయ్యానికి భయమా?"

"ఆ దొంగకి రెండు కాళ్ళున్నాయే!"

"దెయ్యం కాదే..." సాయ్‌కాల్ అవతలి ఇంటివైపు చూపించింది. "తలకు దెబ్బ తగిలి, మతి పోయి, మా నాన్నే అక్కడ దాక్కున్నాడేమో."

జిబెక్ వంతెన దగ్గరే ఆగింది.

సాయ్‌కాల్ ఒక్కతే నడిచింది. బూట్ల కింద మంచు కిర్రుమంటోంది. కిటికీకి లోపల దుప్పటి కట్టి ఉంది. దాని అంచున సన్నటి వెలుగు. వాసన... నిజంగానే కాగే నూనె వాసన!

"నాన్నా" అనబోయి నోరు నొక్కుకుంది. లోపల ఎవరో గొణుగుతున్నారు. ఆడగొంతు.

"...మా మామగారు జుమాష్‌కి చేరాలి... మా ఆయన తుర్దుకి చేరాలి... కళ్ళు తెరవకుండానే పోయిన నా బుజ్జితల్లికి చేరాలి..."

నాయనమ్మ!

గొంతు ఆగింది. మూకుడు చిటపటలాడుతోంది. ఇక చాలు నాయనమ్మా, అక్కడే ఆపేయ్... అని కిటికీ చెక్కను గట్టిగా పట్టుకుంది సాయ్‌కాల్.

"...నా కుబాత్‌కి చేరాలి."

తలుపు ఎలా తోసిందో సాయ్‌కాల్‌కే తెలీదు. కిరసనాయిలు స్టవ్వు ముందు, పిండి చేతులతో, నాయనమ్మ తలెత్తింది. కసరలేదు.

"బతికే ఉన్నాడన్నావుగా!"

"కల్లోకొచ్చాడే. తడిబట్టలతో, గుమ్మం బయటే నిలబడ్డాడు. ఆకలేస్తోందమ్మా అన్నాడు." ముసలామె పెదవి బిగబట్టింది. "మీ అమ్మతో ఎలా అననే? నా మాట పట్టుకునే అది పొద్దున్నే లేస్తోంది, ఆవు పాలు పిండుతోంది..."

గోడవార బల్లమీద ఎండిపోయిన రొట్టెలు. ఏడేసి చొప్పున, గులకరాళ్ళలా, ఎన్ని వారాలవో.

"అవన్నీ ఏంటి?"

"ఉత్త వాసన సరిపోదే తల్లీ. పేరు చెప్పి వేయించిన రొట్టె బతికున్నవాళ్ళు తినాలి. అప్పుడే వాడికి అందుతుంది. ఇవి ఎవరికి పెట్టను? పెడితే ఎవరి పేరునని అడగరూ? నేను తిందామంటే... గొంతు దిగదు."

వేడి రొట్టెలు ఏడు, గుడ్డమీద పొగలు కక్కుతున్నాయి. నాయనమ్మ ఒకటి తీసి చాచింది. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

తింటే నాన్న లేనట్టే. తినకపోతే నాన్న ఆకలితో ఉన్నట్టే.

బయట మంచులో అడుగుల చప్పుడు. ధైర్యం చేసి వచ్చింది జిబెక్. తలుపు సందులోంచి గుసగుసగా —

"ఏమే... మీ నాన్నేనా?"

సాయ్‌కాల్ తలుపువైపు తిరిగింది. నోటినిండా రొట్టె ఉంది.