వాడుక పోయిన మాటలు

చనిపోయిన మేష్టారి గదిలో టేపు పోయింది. బీరువా తాళం చెక్కుచెదరలేదు. తాళంచెవి గోడ మేకుకే వేలాడుతోంది. ఇంట్లో ఎవరైనా తీయొచ్చు.

"ఏముంది ఆ టేపులో?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"చచ్చిపోయిన ఇంగ్లీషు మాటలు సార్," అన్నాడు మేష్టారి శిష్యుడు. "పాత పుస్తకాల్లో తప్ప ఇంకెక్కడా కనపడవు. ఎలా పలకాలో మేష్టారు రెండు టేపుల్లో చదివి పెట్టారు. రెండోది పోయింది. అది దొరక్కపోతే మా నిఘంటువు సగంలో ఆగిపోతుంది."

"అనుమానం?"

శిష్యుడు మేష్టారి తమ్ముడి వైపు చూశాడు.

"నన్ను చూస్తావేంటయ్యా? ఆ మాటలు నాకెందుకు, కూరలో వేసుకోనా?" అన్నాడు తమ్ముడు. అంతలోనే గొంతు తగ్గించాడు. "ఇన్‌స్పెక్టర్ గారూ, మొన్న మధ్యాహ్నం గోడ అవతల అన్నయ్య గొంతు విన్నాను. ఎఫ్ట్‌సూన్స్... వైలమ్... అంటూ ఆ పాత మాటలే. ఆయన పోయి నెల దాటింది. ఒళ్ళు జల్లుమంది."

ఇన్‌స్పెక్టర్ మొదటి టేపు పెట్టాడు. మాట. నిశ్శబ్దం. మళ్ళీ మాట. మధ్యలో ఊపిరి చప్పుడైనా లేదు.

"ఇంత శుభ్రంగా ఉందేంటి?"

"నేనే చేశాను సార్. దగ్గులూ పిలుపులూ చెరిపేశాను. రెండోది ఇంకా ముట్టుకోలేదు."

"మరి మాటలు కావలసిన దొంగ మొదటి టేపు ఎందుకు వదిలేశాడు?" ఇన్‌స్పెక్టర్ మెల్లగా అన్నాడు. "ఈ దొంగకి కావలసింది నువ్వు చెరిపేసేవే."

గుమ్మం దగ్గర మేష్టారి భార్య తల దించుకుంది.

"వదినా, నువ్వా?"

ఆవిడ లోపలికి వెళ్ళి, మడతపెట్టిన బట్టల మధ్య నుంచి టేపు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మొదటిది విన్నాను నాయనా. మాటలన్నీ ఉన్నాయి. ఆయన లేరు."

శిష్యుడు టేపు వైపు చెయ్యి చాపాడు.

"ముందు కాపీ తీసుకో," అన్నాడు ఇన్‌స్పెక్టర్ అతనితో. "నీ కత్తిరింపులన్నీ కాపీలోనే. ఇది అమ్మగారిది."

పోయిన టేపు ఇదేనా అని సరిచూడాలి గనక, పెట్టి మీట నొక్కాడు.

ఎవరికీ తెలియని మాటొకటి. దగ్గు. పేజీ తిప్పిన చప్పుడు. తర్వాత, పక్కగదిలోకి వినపడేంత గట్టిగా:

"ఏమోయ్, కాసిని మంచినీళ్ళు."

"ఆఁ, తెస్తున్నా," అని ఆవిడ వంటగదిలోకి నడిచింది.

కుళాయి తిప్పిన చప్పుడైంది. ఇన్‌స్పెక్టర్ టేపు ఆపలేదు.